చోటు తప్పిన ఏత్వం

కన్నవారు పెట్టిన పేరు హాజరుపట్టికలో తప్ప మరెక్కడా బతకలేదు. పందొమ్మిదేళ్లుగా పసిపిల్లలను తూచే ఉద్యోగం కనుక పేటలో అందరికీ ఆమె త్రాసక్క. త్రాసు వేరు, త్రాసం వేరు. రెండవదానికి భయమని అర్థం. పై అధికారుల దృష్టిలో ఆమెకు రెండూ సరిపోతాయి.

ఆమె గది చిన్నది. దూలానికి కొక్కెం, కొక్కేనికి గడియారం మొహంవంటి త్రాసు, దానికింద కాళ్లకు రెండు కంతలున్న గుడ్డసంచి. బిడ్డను అందులో దింపాక ముల్లు ఊగి నిలబడేదాకా ఆమె ఊపిరి బిగబట్టి ఉంటుంది.

ఆమె నా శిష్యురాలే. పదో తరగతిలో తెలుగుకు నేనిచ్చిన మార్కులు ముప్ఫయి ఒకటి. సంధి విడదీయమంటే కట్టెలు కొట్టినట్టు కొడుతుందని ఉపాధ్యాయుల గదిలో నలుగురినీ నవ్వించినవాణ్ణి కూడా నేనే.

నిరుడు పై కార్యాలయంవారు బాలింతలందరికీ ఒక అట్ట పంచదలచారు. వాక్యాలు త్రాసక్క రాసింది. అచ్చుకు పోయేముందు దిద్దిపెట్టమని అధికారి నాకు పంపాడు. మొదటి వాక్యం: "ఆరు నెలల దాకా తల్లిపాలే." నాకది మొరటుగా తోచింది. చివర ఏకారం వేలాడుతున్నట్టనిపించింది. ఎర్రసిరాతో "ఆరు నెలల వరకే తల్లిపాలు" అని తీర్చి, నడక కుదిరిందని రెండుసార్లు పైకి చదువుకున్నాను.

అవధారణార్థకమైన ఏకారం ఏ మాటను అంటుకుంటే ఆ మాటనే గట్టిపరుస్తుంది. "తమ్ముడే అన్నం తిన్నాడు" వేరు, "తమ్ముడు అన్నమే తిన్నాడు" వేరు. ముప్ఫయి రెండేళ్లు నల్లబల్లమీద ఇది రాసి చెరిపినవాణ్ణి, ఆ పూట చెవికింపుగా ఉంటే చాలుననుకున్నాను.

నాలుగు నెలల తరువాత ఒక ఉదయం నన్ను ఉన్నపళంగా రమ్మని త్రాసక్క కబురంపింది. వెళ్లేసరికి సంచిలో ఏడున్నర నెలల ఆడపిల్ల వేలాడుతున్నది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. ముల్లు ఐదు కిలోల రెండువందల దగ్గర నిలిచింది. ఆరు నెలలు నిండిననాడు ఆరు కిలోల నాలుగువందలున్న పిల్ల. పక్కన, బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే తల్లి, ఆమె అత్తగారు నిలబడి ఉన్నారు.

"పాలెందుకు మాన్పించావమ్మా?" అంది త్రాసక్క.

అత్తగారే అట్ట తీసి, వేలుపెట్టి చదివింది. "ఆరు నెలల వరకే తల్లిపాలు. మా సొంత తెలివేం చూపించలేదమ్మా. నిండిన రోజునే మాన్పించాం. చదువుకున్నవాళ్లు రాసింది కాదంటామా?"

"మరి ఏం పడుతున్నారు?"

"గంజితేట. సీసాలో పోసిస్తే గటగటా తాగేస్తుంది."

"తేటెందుకు పిన్నీ?"

"కిందనే ఉందిగా, మెత్తని ఆహారమని. నీళ్లకంటే మెత్తనిదేముంటుంది?"

త్రాసక్క నవ్వలేదు. అట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. "నేను రాసింది ఇదేనా మాస్టారూ?"

"కాదు."

"ఎవరు మార్చారు?"

"నేనే."

"నాకు ముప్ఫయి ఒకటి వేశారు. వేశారు, పోనీండి. నా వాక్యం తిన్నగానే నిలబడింది కదా. మీ ఏత్వం లేచెళ్లి ఇంకోచోట కూర్చుంది, పిల్ల కిలోపైన కరిగిపోయింది."

ఆమె కోపం నాతో ఆగలేదు. బరువు తగ్గిన ప్రతి బిడ్డకూ ఒక ఫారం నింపాలి. అందులో అచ్చయిన కారణం ఒక్కటే: "తల్లికి అవగాహన లేకపోవడం." టిక్కు పెట్టి పంపితే పోయేదానికి ఇంత రాద్ధాంతమెందుకని అధికారి ఫోనులో విసుక్కున్నాడు.

"ఈ తల్లి మీ కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించిందండి. అవగాహన ఎవరికి లేదో వాళ్లకో గడి గీయించి పంపండి, టిక్కు పెడతాను," అని ఫోను పెట్టేసింది.

అవగాహనమంటే అసలర్థం మునగడం. ఒడ్డు దిగనివాళ్లు, పొద్దస్తమానం పనిలో మునిగితేలే తల్లులకు అది లేదని ఫారాలు అచ్చువేయిస్తారు. ఆ ఒడ్డున నేనూ ఎర్రసిరా పట్టుకుని కూర్చున్నానన్నదే నన్ను దహిస్తున్నది.

ముందు పిల్లను డాక్టరుకు చూపించాము. పరీక్షలు చేయించి, జబ్బేమీ లేదు, ఆకలే అన్నాడాయన. ఇక్కడ ఏకారం ఉండవలసినచోటే ఉంది.

"పాలు ఇంకిపోయాయక్కా," అంది తల్లి, ఆ రోజుకదే మొదటి మాటగా.

"ఇంకిపోలేదు, అడిగేవాళ్లు లేక ఆగాయి. రాకపోయినా పిల్లను రొమ్ముకు పట్టు. రోజుకి ఎనిమిదిసార్లు, పదిసార్లు. చీకేకొద్దీ వస్తాయి."

ఆపైన అన్నం, ఉడికిన గుడ్డు, చెంచాడు నూనె కలిపి మెదిపి, చెంచాను తలకిందులు చేసి చూపింది. "జారిందా? జారకూడదు. జారితే అది నీళ్లకింద లెక్క. పాలు మానకుండా ఇదీ పెట్టాలి. రెండేళ్లు నిండినా పాలు మాన్పించనక్కర్లేదు."

"ఫ్యాక్టరీలో ఉంటే ఎట్లా పట్టను?"

"నేను ఎత్తుకొస్తాలే గేటు దగ్గరికి. విరామంలో రెండుసార్లు," అంది అత్తగారు, అట్టను మడిచి నడుములో దోపుకుంటూ. "చదివిందాన్ని నేనేగా."

పంచిన అట్టలు రెండువందల పన్నెండు. మర్నాటినుంచి త్రాసక్క వెంట ఇల్లిల్లూ తిరిగి, "వరకే"లోని ఏత్వాన్ని కొట్టి, "పాలు"కు తగిలించి, కొందరికి చదివి వినిపించాను. తొమ్మిది ఇళ్లలో పాలు అప్పటికే మాన్పించారు. ఒక ఇంటావిడ నా పెన్ను వంక చూసి, "ఈసారైనా ఖాయమేనా అయ్యగారూ?" అంది. అనవలసిన మాటే.

నాలుగోవారం ఆ పిల్లను మళ్లీ సంచిలో దింపారు. ముల్లు ఊగుతుండగానే పిల్ల కాళ్లు తన్ని, గది అదిరేట్టు ఏడ్చింది. ఐదు కిలోల తొమ్మిదివందలు. తల్లి రవిక తడిసింది. సిగ్గుపడి కొంగు లాక్కుని, పిల్లనందుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

త్రాసక్క బిగబట్టిన ఊపిరి వదిలి అంకె రాసుకుంది. నా వైపు చూడకుండానే అడిగింది.

"ఇంకా పదిహేడిళ్లు మిగిలాయి మాస్టారూ. పెన్ను తెచ్చుకున్నారా?"