చుక్క లేని ఫోటో

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. చిన్నప్పుడు దాన్ని భరించింది మా అక్క ఒక్కతే. పెళ్ళయ్యాక అక్క మస్కట్ వెళ్ళిపోయింది. పదేళ్ళయినా పిల్లల్లేరు. ఒకరోజు ఫోన్ చేసి, రొమ్ములో గడ్డ ఉందనీ, ఆపరేషన్ చెయ్యాలన్నారనీ చెప్పింది. "వాళ్ళు కత్తి పెట్టేలోపు నీ కొడుకుని ఒక్కసారి నా గుండెల మీద పడుకోబెట్టవే" అని ఏడ్చింది. ఆపరేషన్‌కి నెల కూడా లేదు. మావాడికి పదకొండు నెలలు. నాకుంది గానీ వాడికి పాస్‌పోర్టు లేదు.

అమీర్‌పేటలో ప్రతి మేడకీ పది కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులవి. మా ఇల్లు ఆ సందుల్లోనే. మా ఆయన బేగంపేట ఆఫీసులోంచి తల పైకెత్తే పరిస్థితి లేదు కాబట్టి, పాస్‌పోర్టు పని నా మీదా మా అత్తయ్య మీదా పడింది. అత్తయ్యది భీమవరం దగ్గర పల్లె. కంటికి కాటుక, బుగ్గన దిష్టి చుక్క లేకుండా మనవణ్ణి గుమ్మం దాటనిచ్చేది కాదు.

మొదటి ఫోటో ఆ చుక్కతోనే తీయించాం. పంజాగుట్టలో ఫారాలు నింపే ఏజెంటు దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

"గీ మచ్చేందమ్మా?"

"మచ్చ కాదండీ, దిష్టి చుక్క."

"అయితే నడవది. ముఖం మీద ఏం ఉండొద్దు, కండ్లు తెరిచి సక్కగ చూడాలె. రేపు పొద్దుగాల్లనే కాగితాలు ఇయ్యాలె. జర జల్ది తీస్కరాండ్రి."

రేపు తప్పితే ఆపరేషన్‌లోపు పాస్‌పోర్టు రాదు. తిరుగు ఆటోలో తడి రుమాలుతో మావాడి ముఖమంతా తుడిచాను. స్టూడియో ముందు దిగి, ఆటోవాడితో గొడవపడి వెనక్కి తిరిగేసరికి పిల్లాడి బుగ్గ మీద మళ్ళీ చుక్క. వాణ్ణి చంకనేసుకుని అత్తయ్య కాటుక భరిణె మూత పెడుతోంది.

"ఇప్పుడే కదండీ తుడిచాను!"

"ఏంటమ్మా ఆ అరుపులు? ఇంతమంది తిరిగే రోడ్డు. పసిబిడ్డని బోడి మొహంతో ఎలా నిలబెడతాం? లోపలికెళ్ళాక తుడుద్దువుగాని."

ఒళ్ళు మండిపోయింది. భరిణె లాక్కుని రోడ్డు మీదకి గిరాటేశాను. బస్సు చక్రం దాన్ని అణగదొక్కి వెళ్ళింది. అది వాళ్ళమ్మ ఇచ్చిన వెండి భరిణె అని నాకు తెలుసు. తెలిసే విసిరాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకుని మెలితిప్పింది. నేను విదిలించుకున్న విసురుకి ఆవిడ చెయ్యి గ్రిల్లు తలుపుకి కొట్టుకుని, గాజు పగిలి రక్తం వచ్చింది. మా ఇద్దరి మధ్యా నలిగి వాడు గుక్కపట్టాడు. చుట్టూ జనం ఆగి చూస్తున్నారు. నాకు సిగ్గనిపించలేదు.

లోపల తెల్ల దుప్పటి మీద వాణ్ణి కూర్చోబెట్టి, కొంగుతో బుగ్గ రుద్దాను. చుక్క పోయినా రుద్దుతూనే ఉన్నాను. వాడు కళ్ళు మూసుకుని ఒకటే ఏడుపు. స్టూడియో అతను చప్పట్లు కొట్టాడు, తాళంచెవులు గలగలలాడించాడు.

"అక్కా, ఏడిస్తె కండ్లు మూస్తుండు. కొంచెం ఊకోబెట్టు."

ఊరుకోబెట్టాను, ఎత్తుకున్నాను, పాలు పట్టాను. కూర్చోబెట్టగానే మళ్ళీ మొదలు. "కళ్ళు తెరువురా!" అని అరిచి, ఆ చెంప మీదే కొట్టాను. మెల్లగా కాదు. నా ఐదు వేళ్ళూ తేలాయి.

మరుక్షణం అత్తయ్య నన్ను కొట్టింది. ఆ చప్పుడుకి గదిలో అంతా ఆగిపోయింది. వాడి ఏడుపు కూడా. కళ్ళు ఇంతింత చేసుకుని నన్నే చూశాడు. ఫ్లాష్ వెలిగింది.

"అచ్చిందక్కా! మస్తుగ అచ్చింది" అన్నాడతను. మా ముఖాలు చూసి గొంతు తగ్గించాడు. "బుగ్గ మీద ఎర్రగుంది. కంప్యూటర్ల తెల్లగ చేసిస్త."

నా వేళ్ళ గుర్తులు అలా చెరిగిపోయాయి. పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది. ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు మేము మస్కట్‌లో దిగాం.

అక్క సగమైపోయి ఉంది. వాణ్ణి గుండెలకి ఆనించుకుని సోఫాలో కూర్చుంది. పాస్‌పోర్టు తెరిచి, "ఎంత చక్కగా చూస్తున్నాడే! మీ అమ్మ నిన్ను బాగా ఆడించిందేంట్రా?" అని వాడి నెత్తిన ముద్దు పెట్టింది. ప్రయాణంలో చెదిరిన వాడి జుట్టు సర్దుదామని చెయ్యి ఎత్తాను.

వాడు గట్టిగా కళ్ళు మూసుకుని, ముఖం అక్క మెడలో దాచుకున్నాడు.

అక్క నా చేతిని చూసింది, నా ముఖం చూసింది. వాణ్ణి నాకు అందకుండా అవతలి భుజం మీదకి మార్చుకుంది.