చిన్నగా పెట్టే ఆల్బం

గోదావరిఖనిలో మంచిర్యాల బస్సెక్కి పాటలు పెట్టుకున్నాను. ఫోన్‌ మీది ఆల్బం బొమ్మ చూసి పక్క సీటామె, "వీళ్లది రెండోది కన్న మొదటి ఆల్బమే మంచిగుంటదన్నా," అంది.

నాకు ఒళ్లు మండింది. మబ్బుల్లో తేలే గిటార్లు, వెనక వయొలిన్ల హోరు. ఆ విదేశీ బ్యాండు ఈ బొగ్గు ఊళ్లలో నా ఒక్కడికే తెలుసనుకున్నాను ఇన్నాళ్లూ.

"రెండోదాంట్ల ఆర్కెస్ట్రా మొత్తం ఉన్నది. దాని ముంగట మొదటిది వట్టి జోలపాట," అన్నాను కటువుగా.

ఆమె నవ్వింది. "మాకు జోలపాటే గావాలె. మా ఆయనకు నైట్‌ షిఫ్టు. పగటీలి పండుకుంటే ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగ్‌కు క్వార్టర్‌ అదురుతది, ఉలిక్కిపడి లేస్తడు. మొదటిది చిన్నగ పెడ్త, మళ్ల నిద్రవోతడు. రెండోది పెడితే ఇంకో బ్లాస్టింగే!"

బస్సు గోదావరి బ్రిడ్జి దాటింది. అప్పటికి నా కుళ్లంతా ఆమె మీంచి, నేనెన్నడూ చూడని ఆ మొగుడి మీదికి మళ్లింది.

రెండోదే గొప్పదని ఇప్పటికీ వాదిస్తాను. కానీ గదిలో మొదటిది పెట్టినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే సౌండు తగ్గిస్తుంది. లేస్తారనుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు.