నాగరాజు గారి గాజు మేడ

ఆరుగురు ఆంటీల నాగులచవితి ఉపవాసాన్ని ఒక్క ఉదయంలో గంగలో కలిపిన ఘనత సింగపూర్ మొత్తంలో నాకొక్కదానికే దక్కింది. ఎలా దక్కిందో చెబుతాను. నవ్వండి, పర్వాలేదు, నాకే ఇప్పటికీ నవ్వు ఆగదు.

పామును పెంచుకోవాలని చిన్నప్పటి నుంచీ నాకొక పిచ్చి. వన్-నార్త్ ఆఫీసుల పేటలో ఉద్యోగం కుదురుకోగానే, ఊరి చివర క్రాంజీలో ఒక చేపల ఫారానికి వెళ్లి అడిగాను. అక్కడి చైనీస్ అంకుల్ నన్ను దొంగను చూసినట్టు చూశాడు.

"స్నేక్ కెనాట్ లా! ఇల్లీగల్! ఈల్ కెన్."

పాము కుదరదట, ఈల్ అయితే పర్వాలేదట. ఈల్ అంటే అచ్చం పాములా ఉండే చేప. మూరెడు పొడుగు, నల్లటి ఒంటి మీద ఎర్రచారలు, వీపున సన్నటి ముళ్లు. చూడగానే మనసిచ్చేశాను.

దానికి నాలుగడుగుల గాజు తొట్టి కట్టించాను. అడుగున మెత్తటి ఇసుక, దూరడానికి పైపు ముక్కలు, పడుకోవడానికి మట్టికుండ. "లిడ్ టైట్ టైట్, లేకపోతే రన్ అవే" అని అంకుల్ హెచ్చరిస్తే, మూత చుట్టూ సందు లేకుండా టేపు వేశాను. మన పెళ్లికి కూడా ఇన్ని ఏర్పాట్లు లేవని మా ఆయన వాపోయాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఫొటో తీసి మా బ్లాకు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను: "మా ఇంట నాగరాజు వెలిశాడు!"

మూడో రోజే నాగులచవితి. పొద్దున్నే తలుపు తీస్తే ఆరు పట్టుచీరలు, ఆరు గ్లాసుల పాలు, చలిమిడి, చిమ్మిలి.

"గుడిలో క్యూ కట్టే పని తప్పించావే సుధా!" అన్నారు రాజమండ్రి విమలాంటీ. "పర్మిషన్ ఎలా తెచ్చావే?"

"ఏదో, మేనేజ్ చేశాను ఆంటీ."

అది చేప అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ ఆరుగురూ నా హాల్లో నిలబడి చెంపలు వేసుకుంటుంటే చెప్పబుద్ధి కాలేదు. నిజం ఒప్పుకుంటాను, ఆ మర్యాద నాకు భలే నచ్చింది. నా చేతులతో నేనే టేపు పీకి మూత తీశాను.

పాముకు పాలు పోస్తే విషం కక్కుతుందంటారు. చేపకు పోస్తే ఏమవుతుందో ఏ సామెతా చెప్పదు. ఆరో గ్లాసుకు తొట్టి మజ్జిగ కడవైంది. నాగరాజు మూతి పైకెత్తి గుటకలు వేయసాగాడు.

"తాగుతున్నాడే నా తండ్రి!" అని విమలాంటీ కళ్లొత్తుకున్నారు.

తాగడం లేదు, ఊపిరాడక చచ్చిపోతున్నాడు! నీళ్లు మార్చడానికి నింపి పెట్టిన బకెట్టు ముందుకు లాగి, చున్నీ నడుముకు చుట్టి, తొట్టిలో చేతులు పెట్టేశాను.

"వద్దే! నీకేం పోయేకాలమే!"

రెండు చేతులా ఎత్తి బకెట్టులో వేశాను. వీపు ముళ్లు దిగి వేలంతా రక్తం.

"కాటేశాడు! కాటేశాడు!"

ఒకావిడ పూజకు తెచ్చిన జాకెట్టు ముక్క నా మణికట్టుకు బిగించారు. ఇంకొకావిడ అంబులెన్సుకు ఫోను తీశారు.

"ఫోను పెట్టేయండి ఆంటీ! అది పాము కాదు, చేప!"

విమలాంటీ బకెట్టులోకి వంగి తేరిపార చూశారు.

"ఓసి నీ దుంపతెగ! ఇది బొమ్మిడాయే! పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టకుండా, పులుసు పెట్టుకునే చేపకా నేను దణ్ణం పెట్టింది?"

ముందు పకపకా నవ్వింది ఆవిడే. సాయంత్రానికి నాగరాజు తేరుకుని వానపాములు అడిగాడు. ఇప్పుడు రెండడుగులకు పైగా పెరిగి, ఆ గాజు మేడలో మహారాజులా తిరుగుతున్నాడు. గెలుపంటే అదీ!

కాబట్టి మహాజనులారా, రక్తం చిందిన ఈ వేలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట పులుసుకు పనికొచ్చే ఏ ప్రాణికీ దేవుడి పేరు పెట్టను. తొట్టి మూతకు తాళం కూడా వేశాను. ఆ తాళం ఆంటీల కోసం.