అంబులెన్సు ఒంటికి ఎర్ర ఇసుక

అరకు దగ్గరి సైనిక క్యాంపులో రెండేళ్ళ కాంట్రాక్టు మీద రిపోర్టు చేసినప్పుడు ఉదయం ఆరున్నర. పొగమంచులో గేటు కనపడలేదు, సెంట్రీ గొంతే వినపడింది. నా కిట్‌లో రెండు జతల యూనిఫాం, స్పానర్ల సంచి, అమ్మ ఇచ్చిన చిన్న దేవుడి పటం. నాన్న నన్ను ఇంట్లోనే చదివించి ప్రైవేటుగా పరీక్షలు రాయించాడు. స్పానర్ పట్టడం కూడా ఆయన షెడ్డులోనే నేర్చుకున్నాను. అందుకే నన్ను బండ్ల మరమ్మతుకి వేశారు. ఆ పని దొరికినందుకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

మొదట అప్పగించింది క్యాంపు అంబులెన్సు. పంతొమ్మిదేళ్ళ పాతది. జి.మాడుగుల వైపు కొండ ఊళ్ళకి వెళ్ళే బండి అదొక్కటే. అది లేకపోతే నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీలో మోసుకు రావాలి. దాని రంగు కింద తుప్పు బొబ్బలు కట్టింది. శనివారం పదింటికి తనిఖీ. తుప్పు కనపడితే బండిని పక్కన పెట్టేస్తారు. మంగళవారం నాకు ఆర్డరు: పాత రంగు ఊడగొట్టించు, కొత్తది వేయించు. కారుకి రంగు వేయించిన మీకు ఇది చిన్న పనే అనిపించవచ్చు.

గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి రంగు ఊడగొట్టే బ్లాస్టింగ్ మేస్త్రి సాలూరు నుంచి కంప్రెసర్‌తో వచ్చాడు. లారీల పనిలో పండినవాడు.

“ఏటుంది మేడం, గెడ్డ ఇసకతో కొట్టేత్తాను. బేగి అయిపోద్ది.”

“ఇది లారీ ఛాసిస్ కాదు, పల్చటి రేకు. ముందు పాత తలుపు మీద చూపించండి.”

ఆ వాగు ఇసుక దెబ్బకి రెండు నిమిషాల్లో తలుపు వేడెక్కి అప్పడంలా వంగింది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి కూడా చేటు. మా డ్రైవర్ హవల్దార్ తలుపు ఎత్తి చూశాడు.

“మేస్త్రీ, ఇంటికి పట్టుకుపో. చాటగా పనికొస్తుంది.”

మేస్త్రి కూడా నవ్వేశాడు.

బుధవారం సోడా పొడితో కొట్టించాను. రంగు మెత్తగా ఊడింది, తుప్పు కదల్లేదు. పైగా సోడా పోయేలా కడగాలి. ఈ కొండ మంచు తేమలో కడిగిన రేకు ఆరేలోపే మళ్ళీ తుప్పు పడుతుంది. ఇసుకకి నీళ్ళు కలిపి కొట్టే పద్ధతీ అందుకే వద్దనుకున్నాను. మిగిలింది గార్నెట్, మన సముద్రపొడ్డున దొరికే ఎర్ర ఇసుక. సన్నరకం తీసుకుని, ఒత్తిడి తగ్గించి, గొట్టం ఏటవాలుగా పట్టి కొడితే రేకు వంగదు. కాకపోతే నిదానం. మేస్త్రి దగ్గర నాలుగు బస్తాలే ఉన్నాయి.

గురువారం ఏడింటికి మొదలు. కింద టార్పాలిన్ పరిచి, రాలిన ఇసుకని జల్లించి మళ్ళీ పోశాం. పిండైపోయేదాకా వాడాం. రెండున్నరకి బండి వెండిలా తేలింది. వట్టి రేకుకి చెయ్యి తగిలితే చెమటకే తుప్పొస్తుంది, అందుకని అందరం గ్లవ్స్ వేసుకున్నాం. వాకీటాకీలో రేడియో ఆపరేటర్ గొంతు: “మంచు దిగుతోంది. నాలుగింటికి మీ దగ్గరుంటుంది. ఓవర్.”

మంచు తగిలేలోపు అడుగు పూత పడాలని ప్రైమర్ కలుపుతున్నాం. క్యాంపుకి పసుపు తెచ్చిచ్చే ముసలమ్మ లోపలికొచ్చింది. మేం చూసేలోపే వెనక తలుపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళకద్దుకుంది.

“ఓలమ్మా, సెయ్యి తియ్యి,” మేస్త్రి కేకేశాడు.

“నా గుంటకి నొప్పులొత్తే ఈ బండే కదా ఆసుపత్రికి తెచ్చింది,” అందామె. తర్వాత నా వైపు తిరిగింది. “సొక్కా ఇప్పీసి నిలబెట్టినారు. దీనికి సలెయ్యదా తల్లీ?”

హవల్దార్ ఆమెని మెల్లగా ఇవతలికి తీసుకొచ్చాడు.

తలుపు మీద ఐదు వేళ్ళు, పచ్చగా. మళ్ళీ కొట్టడానికి ఇసుక లేదు. థిన్నర్‌లో తడిపిన గుడ్డ తీశాను. తుడవబుద్ధి కాలేదు. ఆ ముద్ర మిగిలితే తుప్పవుతుంది, తుప్పయితే ఆమె ఊరికి బండి రాదు. మూడుసార్లు తుడిచాను. మూడూ నలభైకి ప్రైమర్ పూర్తయింది. పదిహేను నిమిషాలకి మంచొచ్చింది.

శుక్రవారం తెల్ల రంగు వేశాం. శనివారం అధికారి వేలితో తట్టి చూసి సంతకం పెట్టాడు. సోమవారం బండి కొండెక్కింది. ఆ రాత్రి పటం ముందు అడగడానికి నాకేమీ మిగల్లేదు.

రెండేళ్ళకి ఇంటికొచ్చాను. ఇప్పుడు నాన్న షెడ్డులోనే పని, సుఖంగా ఉన్నాను. రోడ్డు మీద తెల్ల అంబులెన్సు కనపడితే మాత్రం వెనక తలుపు చూస్తాను. నేనే తుడిచేశాను, నాకు తెలుసు. అయినా కనపడతాయి, వెండిరేకు మీద ఐదు పసుపు వేళ్ళు.