అలాస్కా చలికాలం, ఆవకాయ అన్నం, నా పాదాలు

ఆ రోజు అన్నం వారుస్తుంటే వేడి గంజి నా పాదం మీద ఒలికింది. పక్కనే నిలబడ్డ ఇంటావిడ ఆగ్నెస్ కెవ్వుమంది. నాకు మాత్రం ఏమీ తెలియలేదు. కిందికి చూస్తే బొబ్బ లేస్తోంది.

ఎనభైల మొదట్లో మావారు ఉత్తర అలాస్కాలో, రోడ్డే లేని ఒక ఊళ్ళో స్కూలు టీచరు. మాకిస్తామన్న ఇల్లు పూర్తి కాలేదు. ఊళ్ళో ఖాళీ ఇల్లన్నదే లేదు. ఆగ్నెస్ తన రెండు గదుల ఇంట్లో మాకో మూల ఇచ్చింది. అప్పటికే అక్కడ తొమ్మిది మంది. సరుకులు విమానంలో రావాలి; వాతావరణం బాగాలేకపోతే వారాల తరబడి రావు. ఉన్న పాలపొడి ఆ ఇంటి పిల్లలకే చాలదు, నేను ముట్టుకునేదాన్ని కాదు. పెరుగు సంగతి ఇక అడగొద్దు. బియ్యం, వెంట తెచ్చుకున్న ఆవకాయ, మూడు పూటలా అదే.

ఆగ్నెస్ తన వాటాలోంచి ఎండుచేప పెట్టేది. మా పుట్టింట్లో గుడ్డు కూడా గడప తొక్కదు. వద్దంటే నొచ్చుకుంటుందని థాంక్స్ చెప్పి తీసుకుని, ఇంటి వెనక కుక్కలకు వేసేదాన్ని. అదేదో మర్యాద అనుకున్నాను. పిల్లల నోటి దగ్గర కూడు కుక్కలపాలు చేశానని ఇప్పటికీ సిగ్గుపడతాను.

నీరసంగా ఉందని వెళ్తే, ఊరి క్లినిక్‌లో హెల్త్ వర్కర్ “సరిగ్గా తింటున్నారా?” అని అడిగింది. “మూడు పూటలా!” అన్నాను గొప్పగా. ఐరన్ మాత్రలిచ్చి పంపింది. తర్వాత నాలుక పుండు పడింది. గంజి ఒలికింది అప్పుడే. మెట్లు దిగుతూ రెండుసార్లు పడ్డాను. “కాస్త ఓర్చుకో, ఎండలు రాగానే ఇల్లిస్తారు,” అనేవారు మావారు. ఎండలు వచ్చాయి, ఇల్లు రాలేదు. అప్పటికి గోడ పట్టుకోనిదే నడవలేకపోతున్నాను.

విమానంలో ఆంకరేజ్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. డాక్టర్ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నా కాలి బొటనవేలికి ఆనించి, “అదురు తెలుస్తోందా?” అన్నాడు. లేదన్నాను. “నిన్నటి నుంచి ఏమేం తిన్నారో ఒక్కొక్కటీ చెప్పండి.” చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. చేప సంగతి కూడా చెప్పి ఏడ్చేశాను.

బ్లడ్ టెస్ట్ వచ్చాక అన్నాడు: “మీకు బీ-ట్వెల్వ్ విటమిన్ దాదాపు లేదు. అది పాలు, పెరుగు, గుడ్లు, చేప, మాంసంలాంటి వాటిలోనే ఉంటుంది. నర్వ్స్ దెబ్బతిన్నాయి. ఎంతవరకు కోలుకుంటాయో చెప్పలేను.”

ఇంజెక్షన్లతో నాలుక మానింది, ఒంట్లోకి ఓపిక వచ్చింది. పాదాలకు మాత్రం స్పర్శ రాలేదు.

ఇప్పుడు అలాస్కా వదిలి నోవై అనే ఊళ్ళో ఉంటున్నాం. నెలకో ఇంజెక్షన్. కార్ డ్రైవ్ చేయను. కాలు బ్రేక్ మీద ఉందో లేదో నాకు తెలియదు.

నాలాంటి శాకాహారులకు ఒక్కటే చెప్తాను. డాక్టర్ “తింటున్నారా?” అంటే “ఆఁ” అని ఊరుకోకండి. ఏం తింటున్నారో, ఏం తినడం లేదో చెప్పండి. అది చెప్పడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది. నా పాదాలు అన్నాళ్ళు ఆగలేదు.