నేరుగా చూసిన ఒక్క ఫొటో

పాత కెమెరాలు బాగుచేసి అమ్మే కొట్టు నాది. మెట్ల కింద ఇరుకు గది. ఇద్దరు ఒకేసారి వస్తే ఒకరు వీధిలో నిలబడాల్సిందే. అంత గదిలోకి వచ్చి కూడా జనం నా ప్రాణం తోడేస్తారు. ఎన్ని మెగాపిక్సెళ్ళు అంటారు, ఫలానా వీడియోలో ఫలానా ఆయన ఇది దండగ అన్నాడే అంటారు. గంట సేపు నా బుర్ర తినేసి, కొన్నాక నాలుగు ఫొటోలు తీసి అటక మీద పడేస్తారు. అలాంటివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సూదాయన మాత్రం ఎప్పుడొచ్చినా ఒక్కటే అడిగేవాడు, ఒకసారి చేతిలోకి తీసుకోవచ్చా అని. తీసుకుని, కంటికి ఆనించి, మెల్లగా నాలుగు వైపులా తిరిగి, బల్ల మీద పెట్టేసేవాడు. నచ్చిందో లేదో ఆయన బొటనవేలు చూస్తే నాకు తెలిసిపోయేది. నచ్చిన కెమెరా మీంచి అది ఒక పట్టాన కదిలేది కాదు.

రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీయడం ఆయన ఉద్యోగం కాబట్టి మా వీధికంతా ఆయన సూదాయనే. సెలవు రోజుల్లో పెళ్ళి ఫొటోలు తీసేవాడు. గుచ్చింది తెలియకుండా గుచ్చుతాడని ల్యాబులో చెప్పుకునేవారు. పెళ్ళిళ్ళలోనూ అంతే, ఆయన ఎప్పుడు తీశాడో ఎవరికీ తెలిసేది కాదు. భుజాలు తోసుకుంటూ, ఇటు చూడండి అటు చూడండి అని అరుస్తూ తిరిగే రకం కాదు. చెయ్యి అంత నెమ్మది.

ఆ చెయ్యే వణకడం మొదలుపెట్టింది.

మొదట ల్యాబులోనే బయటపడింది. సూది పట్టుకుంటే మొన అటూ ఇటూ ఆడుతుంటే, ఎదురుగా కూర్చున్న ముసలాయన నాకంటే నీకే ఎక్కువ భయంగా ఉన్నట్టుంది బాబూ అని నవ్వాడట. తర్వాత డాక్టర్లు, పరీక్షలు. ఇది తగ్గేది కాదు, నెమ్మదిగా పెరుగుతుంది, మందులు వేసుకుంటే కొన్నాళ్ళు అదుపులో ఉంటుంది అన్నారు. ల్యాబువాళ్ళు ఉద్యోగం తీసేయలేదు. రిపోర్టులు కవర్లలో పెట్టి ఇచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఇప్పుడు నన్ను చూసి ఎవరూ ఏడవట్లేదండీ అని ఆయన నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఒప్పుకున్న పెళ్ళిళ్ళు ఒక్కొక్కటే వేరేవాళ్ళకు అప్పగించేశాడు. ఒక్కటి మాత్రం అప్పగించడానికి వీల్లేనిది మిగిలింది. అది ఆయన చెల్లెలి పెళ్ళి.

ఆవిడకు నలభై దాటాక సంబంధం కుదిరింది. చిన్నతనంలో జ్వరం వచ్చి ముఖంలో ఎడమ పక్క పడిపోయింది. మూతి ఒక వైపు లాగినట్టుంటుంది. ఎడమ కన్ను పూర్తిగా మూసుకోదు, గట్టి వెలుతురు పడితే నీళ్ళు కారిపోతాయి. కెమెరా అంటే ఆవిడకు చచ్చేంత భయం. బళ్ళో గ్రూపు ఫొటో తీసే రోజున కడుపునొప్పి వచ్చేది. పెద్దయ్యాక, ఇంటికొచ్చిన చుట్టాలు ఫోను పైకెత్తితే చాలు, పొయ్యి మీద ఏదో ఉందని లేచి వెళ్ళిపోయేది. అన్నకొక్కడికే తీయనిచ్చేది. ఆయన గడ్డం కింద వేలు పెట్టి ముఖాన్ని కొంచెం పక్కకు తిప్పి, కుడి చెంప మీద వెలుతురు పడేలా తీసేవాడు. ఇంట్లో ఉన్న ఆవిడ ఫొటోలన్నీ అలాంటివే. ముఖంలో లోపం ఉందని వాటిని చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

పెళ్ళికొడుకు బస్సు డిపోలో మెకానిక్కు, భార్య పోయినవాడు. ఆవిడ అన్నిటికీ తలూపి రెండే కోరిందట. ఫొటోలు అన్నయ్యే తీయాలి, ఫ్లాష్ వేయకూడదు. తక్కువ వెలుతురులో ఫ్లాష్ లేకుండా తీయాలంటే కెమెరా కన్ను కాసేపు తెరుచుకుని ఉండాలి, అంతసేపూ చెయ్యి కదలకూడదు. ఆ చెయ్యితో ఆ పెళ్ళి ఎలా తీయడమన్నదే ఆయన బాధ. ఒక్క పూట ఈ చేతిని నిలబెట్టే కెమెరా ఏదైనా ఉందా అని అడుగుతూ, నా కొట్లో ఆయన మొదటిసారి కూర్చుని మాట్లాడాడు.

కొట్టు షట్టరు సగం దించి గదిని మసక చేశాను. ఎదురు గోడకు పాత పేపరు అంటించాను. ఒక్కో కెమెరాతో ఆ పేపరును తీయడం, వెనక తెర మీద పెద్దది చేసుకుని సన్న అక్షరాలు చదవడం, చదవగలిగితే ఉంచుకోవడం, లేకపోతే పక్కన పెట్టడం. ఆయన సొంత కెమెరాలు రెండూ ముందే పోయాయి. అక్షరాలు చీమల బారులా అలుక్కుపోయాయి. తర్వాత అరచేతిలో ఇమిడే తేలిక కెమెరా ఇచ్చాను. వణికే చేతికి తేలికది మంచిదని అందరూ అనుకుంటారు గానీ, చెయ్యి ఎటు ఊగితే అదీ అటే ఊగుతుంది. అదీ లాభం లేకపోయింది. బరువుగా ఉన్నది ఇచ్చాను. మొదటి రెండు ఫొటోలు బాగానే వచ్చి, చెయ్యి లాగేసరికి మొదటికే మోసం వచ్చింది.

చివరికి మధ్యస్థం బరువున్న కెమెరాకు ఒక పాత లెన్సు తగిలించి ఇచ్చాను. ఆ లెన్సు లోపల ఒక అద్దం ఉంటుంది. చెయ్యి ఇటు కదిలితే అది అటు జరిగి వణుకును సరిచేస్తుంది. పక్కన చిన్న స్విచ్ ఉంటుంది, వేస్తే పనిచేస్తుంది, తీస్తే ఊరుకుంటుంది. ఆయన మోచేతులు పక్కటెముకలకు నొక్కిపట్టి, ఊపిరి బిగబట్టి తీశాడు. తెర మీద పెద్దది చేసి పైకి చదివాడు.

"గది అద్దెకు. సంసారులకు మాత్రమే. కుక్కలు ఉన్నవారు అడగవద్దు."

చదివి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాటల్లో నవ్వడానికేమీ లేదు, అయినా ఇద్దరికీ నవ్వాగలేదు.

పాత కెమెరాలు నాకిచ్చి అది పట్టుకెళ్ళాడు. చెయ్యి మరీ మొండికేస్తే పనికొస్తుందని ఒక స్టాండు కూడా ఇచ్చాను. స్టాండు మీద పెట్టినప్పుడు లెన్సు స్విచ్ తీసేయాలి. ఎందుకంటే అక్కడ వణుకే ఉండదు. లేని వణుకును వెతుక్కుంటూ ఆ అద్దం తనంతట తాను కదిలి ఫొటోను పాడుచేస్తుంది. ప్రతిసారీ కాదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు. ఈ సంగతి ఆయనకు నేను చెప్పక్కర్లేదు. ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్ళకు ఆయనే చెప్పేవాడు.

ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. ఏ గోడ చూసినా పేపర్లేనని, ఇల్లు బస్టాండులా తయారైందని వాళ్ళావిడ నా దగ్గరకొచ్చి సణిగింది. మాత్ర వేసుకున్నాక చెయ్యి ఎంతసేపు మాట వింటుందో, మళ్ళీ ఎప్పుడు తిరగబడుతుందో ఆయనకు కొట్టినపిండి అయింది. సంచిలో పెట్టి తీసేటప్పుడు తగిలి స్విచ్ ఆగిపోతోందని, రక్తం తీశాక అంటించే ప్లాస్టరు ముక్కొకటి ల్యాబు నుంచి తెచ్చి దాని మీద అతికించాడు. మంచి పని చేశారన్నాను.

పెళ్ళి అంటే సంతకాలే. ఆయన పిలిస్తే నేనూ వెళ్ళాను. రిజిస్ట్రారు ఆఫీసులో పై అంతస్తు గది, ఎత్తయిన కిటికీలు, పొడవాటి బల్ల. ఆ రోజు మబ్బు పట్టి, పగలే దీపాలు పెట్టాల్సి వచ్చింది. ఆవిడ నీలం చీరలో వచ్చింది. ఆయన బీరువాకు ఆనుకుని, గడపకు ఆనుకుని, మెట్ల కటకటాలకు ఆనుకుని చేత్తోనే తీస్తూ పోయాడు. ఆయన్నలా చూసి చాలా రోజులైంది. గదిలో ఉన్నాడో లేడో తెలియనట్టే ఉన్నాడు.

సంతకాల వేళ ఆలస్యమైంది. ఎవరో అధికారి రావాలట. ఆలోపు మాత్ర బలం తగ్గినట్టుంది, ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడటం చూశాను. అధికారి వచ్చాడని తెలియగానే ఇక చేతిని నమ్మలేదు. స్టాండు విప్పి, కెమెరా దాని మీద బిగించి, బల్లకు ఎదురుగా పెట్టాడు.

సంతకాలయ్యాక దంపతులిద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఆయన అలవాటుగా వెళ్ళి చెల్లెలి గడ్డం కింద వేలు పెట్టాడు. ఆవిడ ఆ వేలు పట్టుకుని పక్కకు తీసింది.

"ఇవాళ వద్దన్నయ్యా. నేరుగా తియ్యి."

ఆయన వెనక్కి వచ్చి కెమెరా దగ్గర నిలబడ్డాడు. ఆవిడ తలెత్తి కెమెరాలోకి సూటిగా చూసింది. నవ్వితే మూతి పూర్తిగా పక్కకు పోయింది, ఎడమ కంట్లో నీరు నిలిచింది. పక్కనున్న మెకానిక్కు కెమెరాను వదిలేసి ఆవిడనే చూస్తున్నాడు. ఆయన ఒకటి కాదు, చాలా తీశాడు. ఆ ముఖాన్ని ఇన్నేళ్ళూ ఎందుకు పక్కకు తిప్పారా అని నాకనిపించింది.

కొన్నాళ్ళకు ఆయన కెమెరా మెమరీ కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఒకసారి చూడండి అని మాత్రం అన్నాడు. కంప్యూటరులో పెట్టి చూశాను. మెట్ల దగ్గరవి, గడప దగ్గరవి, బీరువా దగ్గరవి, అన్నీ చీర అంచు పోగులతో సహా లెక్కపెట్టేలా ఉన్నాయి. సంతకాల దగ్గర్నుంచి మొత్తం కదిలిపోయినవే. ఆవిడ నేరుగా చూసినవన్నీ పోయాయి. ముఖం చుట్టూ ఇంకో ముఖం పొగలా పరుచుకుని ఉంది.

చేత్తో తీసినవి బాగుండి, స్టాండు మీదవి పోవడమేమిటని లెన్సు తీసుకుని చూశాను. ప్లాస్టరు ముక్క అలాగే అతుక్కుని ఉంది. దాని కింద స్విచ్ వేసే ఉంది.

ఇందులో మీ చేతి తప్పేం లేదండీ అన్నాను. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను. ఆయన ప్లాస్టరు అంచును గోటితో గీకాడు.

"చెయ్యైతే జబ్బు మీదకు తోసేసేవాణ్ని" అన్నాడు. "ఇది నేనే చేశాను."

చెల్లెలికి మాత్రం నొక్కేటప్పుడు చెయ్యి వణికి స్టాండు కదిలిందనే చెప్పాడట. పది మందికి నేర్పినవాడు స్విచ్ తీయడం మరిచిపోయాడని చెప్పడానికి నోరు రాలేదట. జబ్బంటే ఆవిడ జాలిపడి ఊరుకుంటుంది, మీరూ అదే మాట మీద ఉండండి అని నన్ను బతిమాలాడు. నాకు కోపం వచ్చింది. అయినా ఆ ముఖం చూశాక కాదనలేక సరేనన్నాను. కెమెరా, లెన్సు నా దగ్గరే వదిలేసి వెళ్ళాడు.

తర్వాత ఆవిడ వచ్చింది. ఆ ఫొటోల్లో ఒకదాన్ని ఫోనులో చూపించి, దీన్ని తేటగా చేయొచ్చా అని అడిగింది. రంగు తేడా అయితే దిద్దగలను, వెలుతురు తక్కువైతే పెంచగలను, కదిలిపోయిన ముఖాన్ని మాత్రం నేనే కాదు ఎవరూ తెచ్చివ్వలేరని చెప్పాను. దానికేముంది, ఇద్దరూ మళ్ళీ అదే బట్టలు కట్టుకుని కూర్చోండి, అన్నయ్యే మళ్ళీ తీస్తారు అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ రోజు ఎలాగో చూడగలిగాను, మళ్ళీ నావల్ల కాదు అంది.

ఫోను సంచిలో పెట్టుకుంటూ, నావైపు చూడకుండా ఇంకో మాట అంది.

"పొద్దున తీసినవన్నీ చక్కగా వచ్చాయండీ. నేను నేరుగా చూసేసరికే అన్నయ్య చెయ్యి వణికింది. ఆయన తిప్పబోతే నేనే వినలేదు."

ఇక నావల్ల కాలేదు. ఇచ్చిన మాట గాలికి వదిలేశాను. స్విచ్ సంగతి, ప్లాస్టరు సంగతి అంతా చెప్పేశాను. చెబితే నమ్ముతుందో లేదోనని లెన్సు తీసి, కెమెరాకు తగిలించి, స్టాండు మీద బిగించి, షట్టరు సగం దించి, ఆ గోడ మీది పేపరునే తీశాను. స్విచ్ తీసి ఒకటి, వేసి ఒకటి. తెర మీద పెద్దవి చేసి ఆవిడకు చూపించబోయి నేనే ఆగిపోయాను. రెండూ స్పష్టంగానే ఉన్నాయి. మళ్ళీ తీశాను, ఇంకోసారి తీశాను. ఆ దరిద్రపు లెన్సు ఆ పూట బుద్ధిమంతురాలిలా కూర్చుంది. ప్రతిసారీ ఇలా ఉండదమ్మా, ఒక్కోసారే చేస్తుంది అని నేను అంటుంటే, నా మాట నాకే అతికించినట్టు వినిపించింది.

ఆవిడ ఓపిగ్గా అంతా విని, నా వైపు చూసింది.

"మీరూ అన్నయ్య లాంటివాళ్ళే" అంది. "ఎదుటివాళ్ళు బాధపడితే చూడలేరు."

తర్వాత ఇంట్లో పెట్టుకోవడానికి ఒక ఫొటో పెద్దది చేసిమ్మని, కంప్యూటరులో అన్నీ చూసి ఎంచింది. అది మెట్ల దగ్గర తీసినది. కుడి చెంప మీద వెలుతురు పడుతోంది, ముఖం పక్కకు తిరిగి ఉంది.