లోపలి డబ్బా

మధ్యాహ్నం రెండు దాటితే ఆసుపత్రిలో రద్దీ తగ్గుతుంది. అప్పుడు నేను బల్ల సొరుగులోంచి హెడ్‌ఫోన్లు తీసి పెట్టుకుంటాను. చెవిలో దూర్చుకునే చిన్న గింజలు కావు, రెండు చెవులనూ పూర్తిగా కప్పేసే పెద్ద నల్ల డొప్పలు. కరీంనగర్ బస్టాండు దగ్గరి సందులో కొన్నాను. నాకు యాభై నాలుగేళ్లు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకు చీటీలు రాస్తాను. కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చోవడం చిన్నప్పుడు ఇంట్లో నేర్పిన అలవాటు. అంత నిటారుగా కూర్చున్న మనిషి తల మీద ఈ డొప్పలు చూసి నవ్వనివాళ్లు లేరు.

"మేడం, విమానం నడుపుతున్నరా?" అంటుంది నర్సు.

"నడుపుతున్న. నీకాడ టికెట్ ఉన్నదా?" అంటాను.

ఒకసారి పెద్దపల్లి వైపు మా ఊరి నుంచి ఒకాయన మోకాలి నొప్పితో వచ్చాడు. ఆయన తండ్రి మా పొలాల్లో పని చేసినవాడు. నన్ను గుర్తుపట్టి, చీటీ కోసం బల్ల మీదికి వంగి, "దొరసానీ, అప్పట్ల మా అయ్య గేటుకాడ నిలవడి ఎంత పిలిచినా మీకు ఇనవడకపోయేది. ఇప్పుడైతే చెవులే మూసుకున్నరు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. డొప్పలు తీసి మెడలో వేసుకుని, పేరూ వయసూ అడిగి చీటీ రాశాను. ఆయన డాక్టరు గదిలోకి వెళ్లగానే మళ్లీ పెట్టుకున్నాను. ఆయనకు నేను జవాబు బాకీ ఉంటే ఉండవచ్చు. పాట మాత్రం ఆపను.

నేను వినేది గొప్ప సంగీతమేమీ కాదు, సినిమా పాటలే. ఒక చెవిలో మొదలైన చప్పుడు నుదుటి వెనక నుంచి నడిచి రెండో చెవిలోకి దిగే పాటలంటే నాకు ప్రాణం. ఒక పాటలో తబలా ఎడమ పక్క, సితార్ కుడి పక్క కూర్చుని పంతానికి పోట్లాడుకుంటాయి. ఈ కాలం పాటల్లో గొంతు తల చుట్టూ గిర్రున తిరుగుతుంది. పిల్లల వేషమంటారు, అయినా వింటాను. అన్నిటికన్నా ఎక్కువగా వినేది మాత్రం ఒక పాత పాట. పల్లవికి ముందు ఎడమ చెవిలో గుర్రబ్బండి మువ్వలు మొదలవుతాయి. డెక్కల చప్పుడుతో తల మధ్యలోంచి సాగి, కుడి చెవిలో వచ్చి ఆగుతాయి. పాట మాటల్లో ఎక్కడా బండి ఊసే లేదు. ఎవరు వచ్చారో, ఎవరు పోయారో చెప్పరు.

ఆ బండి మీద మా ఇంట్లో ఇరవై ఏళ్లు వాదన నడిచింది.

నాకు పదేళ్లప్పుడు బాపు, అంటే మా నాన్న, హైదరాబాదు నుంచి స్టీరియో సెట్టు తెచ్చాడు. క్యాసెట్లు వేసే పెట్టె ఒకటి, దానికి రెండు స్పీకర్ డబ్బాలు. టేకు రంగు చెక్క, ముందు గోధుమరంగు గుడ్డ. మా ఇంట్లో ముందు హాలు మగవాళ్లది. అక్కడ బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు, వచ్చేపోయే జనం ఉండేవాళ్లు. హాలు వెనక పొడుగాటి నడవ. నడవ దాటితే లోపలి వసారా, వంటిల్లు. అది ఆడవాళ్ల వైపు. కోడలిగా వచ్చిన నాటి నుంచి అమ్మ ముందు హాల్లో కూర్చున్నది లేదు. అమ్మను నేను అవ్వ అంటాను.

సెట్టు బిగించడానికి వచ్చిన మెకానిక్ రెండు డబ్బాలనూ హాల్లోనే అటొకటి ఇటొకటి పెట్టబోయాడు. బాపు ఆపాడు.

"ఒకటి లోపట పెట్టు. ఆడోళ్లు గూడ ఇంటరు."

"దొరా, రెండు ఒక్కకాడనే ఉండాలె. గప్పుడే మజా."

"మా ఇంట్ల ఆడోళ్లు మొగోళ్లు ఒక్కకాడ కూసుంటరానయ్యా? వైరు గుంజు."

మెకానిక్ డబ్బాల వంక ఒకసారి, బాపు వంక ఒకసారి చూసి వైరు గుంజాడు. నడవ పొడవునా గోడకు మేకులు కొట్టి లోపలికి తెచ్చాడు. ఎడమ డబ్బా హాల్లో, కుడి డబ్బా వసారాలో.

బాపు చెడ్డవాడు కాడు. ఆ రోజుల్లో మా చుట్టాల ఇళ్లల్లో ఆడవాళ్ల కోసం స్పీకరు పెట్టించినవాడు ఇంకొకడు లేడు. రెండు డబ్బాలూ ఒకే పాట పాడతాయని ఆయన నమ్మాడు. పోయేదాకా అట్లాగే నమ్మాడు. గొంతులు రెండు వైపులా వినబడేవి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తేడా అంతా మిగతా చప్పుళ్లలో ఉండేది. హాల్లో కూర్చున్నవాళ్లకు బండి దగ్గర్లో మొదలై దూరమైపోయేది. వసారాలో ఉన్నవాళ్లకు ఎక్కడి నుంచో వచ్చి గుమ్మం ముందర ఆగేది. చరణాల మధ్య మగవాళ్ల గుంపు హాలు డబ్బాలోంచి ఏదో అడిగేది. ఆడవాళ్ల గుంపు లోపలి డబ్బాలోంచి జవాబు చెప్పేది. లోపలివాళ్లకు ఎవరూ ఏమీ అడగకుండానే జవాబు వినబడేది.

భోజనాల దగ్గర బాపు అనేవాడు, "గా పాటల ఎవరో ఇల్లిడిచి పోతున్నరే. పాపమనిపిస్తది."

"పోవుడేంది? వస్తుంటే!" అనేది అవ్వ వడ్డిస్తూ. "బండొచ్చి ఆగుతుంటే ఇనవడ్తలేదా?"

"నీకేం తెలుసు పాటల సంగతి?"

అవ్వ పుట్టిల్లు ఆదిలాబాద్ అవతల. అక్కడ తండ్రి పక్కన కూర్చుని రేడియో విన్న మనిషి. తన చెవుల మీద ఆమెకు నమ్మకం. "వస్తున్నరు" అని ఇంకొకసారి అని, పప్పు గిన్నె తీసుకుని లోపలికి వెళ్లేది.

ఆ ఇంట్లో పాట మొత్తం తెలిసింది నాకొక్కదానికే. హాల్లో మువ్వలు మొదలుకాగానే బండితోపాటు నడవలో పరుగెత్తేదాన్ని. సరిగ్గా పరుగెత్తితే వసారా గుమ్మం దగ్గర నేనూ బండీ ఒక్కసారే ఆగేవాళ్లం. రెండేళ్లు అట్లా ఉరికాను. పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాక, "ఇగ ముందటికి పోవద్దు బిడ్డా" అంది అవ్వే. ఆ రోజు నుంచి నాకు కూడా బండి రావడమే వినబడింది, బయల్దేరడం పోయింది. ఏం పోయిందో నాకు తెలుసు, అవ్వకు తెలియదు. ఆమెకు చెప్పాలని నోటిదాకా వచ్చేది. కానీ నీకు ఇచ్చింది సగమే అని ఆమె మొహం మీద ఎట్లా అనను?

ఇల్లు పోయిన సంగతి రెండు మాటల్లో చెబుతాను, అయ్యో అనేవాళ్ల కోసం రాయడం లేదు. పంపకాల్లో ఇల్లు చిన్నబాపు వాటాకు పోయింది. మా వాటా భూములు కోర్టుల్లోనే కరిగిపోయాయి. బాపు పోయాడు. ఇల్లు విడిచిన రోజున అవ్వ బల్ల ఎక్కి, లోపలి డబ్బాను తన చేత్తోనే దించింది. వైరును కత్తిపీట మీద కోసింది. "ఇది మా దిక్కుది" అని బస్సులో ఒళ్లో పెట్టుకుని కరీంనగర్ తెచ్చింది. అప్పటి నుంచి మా ఇద్దరి అద్దె ఇంట్లో అది మూగగా ఉంది. దాని మీద మామిడి తొక్కు జాడీ ఉంటుంది. అవ్వ రోజూ జాడీ దించి, డబ్బా తుడిచి, మళ్లీ పెడుతుంది.

కిందటేడు ఒక ఆదివారం పొద్దున చిన్నబాపు కొడుకు కారులో వచ్చాడు. స్వీటు డబ్బా తెచ్చాడు. పాత ఇంటికి సున్నాలు వేయించి, పెళ్లికి ముందు ఫోటోలు దిగే జంటలకు అద్దెకిస్తున్నాడట.

"పెద్దమ్మా, పాత సామాను మొత్తం బయటికి తీసిన. గా స్టీరియో సెట్టు హాల్ల పెడ్తున్న. ఫోటోలల్ల జబర్దస్త్ కనవడ్తది. ఒక్క డబ్బనే తక్కువైంది" అంటూ తొక్కు జాడీ కిందికి చూశాడు.

"ఇయ్యం" అన్నాను.

"నువ్వు జర ఆగక్కా, నేను పెద్దమ్మను అడుగుతున్న. అది మీకు స్టూలు లెక్కనే ఉన్నది గదా. మంచి టేకు స్టూలు నేను కొనిస్త."

"స్టూలు కొనుక్కునే తాహతు మాకున్నది."

"గంత కోపమెందుకే? పెద్దమ్మా, నువ్వన్న ఆలోచించు. ఒక్క డబ్బల సగం పాటనే వస్తది. రెండుంటేనే పూరా పాట. స్టీరియో అంటే గదే."

అవ్వ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "సగమేందిరా? నేను పూరా పాట ఇన్న. ఇరవై ఏండ్లు ఇన్న."

"ఏడ పూరా? నువ్విన్నది లోపటి సగం. ముందటి సగం మేమిన్నం" అని నవ్వాడు. వాడికి అదొక తమాషా. చిన్నప్పుడు హాల్లో బాపు కాళ్ల దగ్గర కూర్చుని విన్నవాడు.

అవ్వ నవ్వలేదు. "వచ్చే ఆదివారం రా. గప్పుడు చెప్త" అంది.

ఇచ్చేస్తుందేమో అనుకున్నాను. అవ్వ ఎంగిలి ముట్టే మనిషి కాదు. తనకు దక్కింది ఒకరు వాడుకోగా మిగిలిన సగమని నమ్మితే, ఆ డబ్బాను ఇంకొక్క రోజు ఇంట్లో ఉంచుకోదు. ఆ ఇంటి నుంచి ఇది నాదని ఆమె తెచ్చుకున్నది అదొక్కటే.

కారు సందు దాటిందో లేదో నా వైపు తిరిగింది. "వాడన్నది నిజమేనా?"

అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేదు. "నిజమే అవ్వా."

"నీకెప్పటి సంది ఎరుక?"

"సెట్టు తెచ్చిన కాడికెల్లి."

మేకుకు వేలాడుతున్న నా హెడ్‌ఫోన్లను చేత్తో చూపించింది. "గవి తే."

కొప్పు కొంచెం కిందికి జరిపి పెట్టాల్సి వచ్చింది. ఎడమ డొప్ప ఎడమ చెవికే ఉందో లేదో రెండుసార్లు చూసుకుని పాట పెట్టాను. మువ్వలు మొదలు కాగానే ఆమె తల ఎడమ వైపు, వాకిలి వైపు, తిరిగింది. తర్వాత బండి వెంట మెల్లగా, ఎవరో చేయి పట్టి తిప్పుతున్నట్టు, కుడి వైపుకు వచ్చి వంటింటి గుమ్మం మీద ఆగింది. గుంపు పాట దగ్గర కనుబొమ్మలు పైకి లేచాయి. ఆడవాళ్ల జవాబును ఆమె పెదవులతో చెప్పింది. అది ఆమెకు ఎప్పటి నుంచో కంఠతా వచ్చు. దానికి ముందరి ప్రశ్నే కొత్త.

"మళ్లా పెట్టు!" అని అరిచింది. చెవులు మూసుకుని ఉంది కదా, తన గొంతు తనకు తెలియలేదు. పక్కింటావిడ తలుపు దగ్గరికి వచ్చి, "ఏమైందమ్మా?" అని అడిగింది. ఏమీ కాలేదని పంపించాను. మూడుసార్లు పెట్టించుకుంది.

డొప్పలు తీయకుండానే అడిగింది. "మీ బాపుకు తెల్వదా?"

తెలియదని తల ఊపాను.

"ఆయనిన్నది గూడ సగమే గదా మరి!" ఆ మాట నాకెప్పుడూ తట్టలేదు. ఇన్నేళ్లూ ఆమెకు తక్కువైందనే లెక్క వేసుకుంటూ వచ్చాను. "నీకేం తెలుసు, నీకేం తెలుసు అని ఎన్నిమాట్ల అన్నడు! పోతున్నరు, పోతున్నరు అని. వచ్చుడు ఆయనకు ఇనవడనే లేదు. నేను చెప్పిందే నిజం."

వారం రోజులు అవ్వ డబ్బా మాటెత్తలేదు. నేను అడగలేదు. ఆదివారం తమ్ముడు బుడగల ప్లాస్టిక్ చుట్ట ఒకటి పట్టుకుని దిగాడు, డబ్బాను చుట్టి తీసుకుపోవడానికి. అవ్వ వాకిట్లో కుర్చీ వేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. వాడు "పెద్దమ్మా" అన్నాడు. ఆమె వేలెత్తి ఆగమంది. పాట అయిపోయేదాకా వాడు ఎండలో నిలబడ్డాడు.

డొప్పలు ఒళ్లో పెట్టుకుని, "ఇస్త" అంది. "గని రెండు ఒక్కకాడనే ఉండాలె, నువ్వే అన్నవు గదా."

"అవు పెద్దమ్మా, గందుకే హాల్ల—"

"నీ డబ్బ ఈడికి తే."

"ఈడికా? గింత రూముల యాడ పెడ్తవే?"

అవ్వ వెనక్కి తిరిగి గది చూపించింది. "గీ గోడకొకటి, గా గోడకొకటి. నడుమ నేను కూసుంట."

"అది ముందటి హాలుది పెద్దమ్మా!"

"ఇది గూడ ముందటి హాలే. ఎనకకు వంటిల్లున్నది, పోయి సూడు."

వాడు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. నా వైపు తిరిగి, "అక్కా, నువ్వన్న చెప్పవే" అన్నాడు.

"జర ఆగుమన్నవు గదా. ఆగిన."

"ఒక్కదాంతోని ఏం చేస్కుంటరో చేస్కోండ్రి!" అని ప్లాస్టిక్ చుట్ట చంకలో పెట్టుకుని కారు తలుపు గట్టిగా వేశాడు.

"తొక్కు పెట్టుకుంటం" అంది అవ్వ.

ఈ మధ్య చుట్టాలెవరో ఆ హాలు ఫోటో ఫోన్‌కు పంపారు. కొత్త జంట ఒకటి సెట్టు ముందర నిలబడి ఉంది. ఎడమ పక్క డబ్బా ఉంది. కుడి పక్క ప్లాస్టిక్ పూలకుండీ పెట్టారు. అవ్వ ఫోన్‌ను దగ్గరికి దూరానికి జరిపి చూసి, "పువ్వులు పాడ్తయా?" అని తిరిగి ఇచ్చేసింది.

హెడ్‌ఫోన్లు మాత్రం తిరిగి ఇవ్వలేదు. నెల చూసి నేను మళ్లీ ఆ సందులో దుకాణానికే వెళ్లాను.

"మొన్ననే కొన్నరు గదా మేడం, ఖరాబైనయా?" అన్నాడు దుకాణదారు.

"లేదు. మా అవ్వ తీసుకున్నది."

"గాదానికి మళ్ల పెద్దయెందుకు? చిన్నయి వైరుది ఇస్త. అమ్మ ఒకటి, మీరొకటి, చెరో చెవిల పెట్టుకోండ్రి. బస్సులల్ల పిల్లలంత గట్లనే ఇంటరు."

"మా ఇంట్ల మనిషికి రెండు చెవులు. పెద్దయి తీయ్."

పెట్టె అక్కడే విప్పించాను. బస్సెక్కి, సీటుకు వీపు ఆనించకుండా కూర్చుని, డొప్పలు పెట్టుకున్నాను. పక్క సీటామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎడమ చెవిలో బండి బయల్దేరింది.